నాలుగో తోలు

మూడో తోలు కూడా దుప్పటి కింద మూలిగినట్టే మోగింది. మా పడగ్గదిలో పెట్టుకున్న, తాతగారి కాలం నాటి బాస్ డ్రమ్ అది. దానికి తగ్గ తోలు పట్టుకోవడం నాలాంటి చెవి ఉన్నవాడికే సాధ్యమని నా నమ్మకం.

“ఎలా ఉంది?” అన్నాను.

“నేను వెళ్ళిపోతున్నాను,” అంది మా ఆవిడ.

“తలుపు మెల్లగా వెయ్యి. శ్రుతి చేస్తున్నా,” అన్నాను తలెత్తకుండా.

సాయంత్రం దుకాణం నుంచి నాలుగో తోలు తెచ్చి, బూట్లయినా విప్పకుండా పడగ్గదిలో బిగించి ఒక్క దెబ్బ వేశాను. గోడలు అదిరిపోయాయి! నా ఎంపికకి నేనే మురిసిపోయి, “ఏమోయ్, విన్నావా?” అని కేకేశాను.

నా కేక కూడా ఖంగుమంది.

అప్పుడు తలెత్తాను. కిటికీలకి కర్టెన్లు లేవు. నేల మీద తివాచీ లేదు. గోడ పొడవునా ఉండే ఆవిడ బట్టల బీరువా లేదు.

అనుమానం వచ్చి, మూడో తోలు మళ్ళీ బిగించి కొట్టాను. అదీ అంతే బాగా మోగింది.

అప్పుడు ఫోన్ చేశాను. కాళ్ళావేళ్ళా పడదామనే చేశాను. ఆవిడ “హలో” అనగానే నా నోట్లోంచి వచ్చిన మాట:

“ఇన్నాళ్ళూ తప్పు తోలుది కాదోయ్. నీ బీరువాది.”