పాత మాగ్నెట్

"అక్కా, మీ రియాక్షన్ నాకెంతకీ రావడం లేదు. నా చేతి మహిమే అంత!" అంది ల్యాబ్‌లో జూనియర్ దిగులుగా.

లోహం సాయం లేకుండానే ఆ రసాయన చర్య జరుగుతుందన్నదే సీనియర్ పరిశోధన సారాంశం. థీసిస్ రేపు సమర్పించాలి.

"నీ చేతికేమయిందే? ఈసారి నా మాగ్నెట్ వేసి తిప్పు," అంటూ ఫ్లాస్కులో ద్రావణాన్ని కలిపే తన పాత అయస్కాంతపు ముక్కను ఇచ్చింది.

సాయంత్రానికి ఫ్లాస్కు అడుగున తెల్లటి స్ఫటికాలు పేరుకున్నాయి.

"వచ్చేసిందక్కా! ఇక పార్టీ మీదే!"

సీనియర్ ఆ ముక్కను తీసి ఎంత కడిగినా దాని మీది నల్లమరక వదలలేదు. మునుపెవరో వాడిన పల్లాడియం లోహం పైపూతలో ఇంకి ఉంది. ఇన్నేళ్లూ చర్యను నడిపింది అదే.

"గైడ్ సార్ వెళ్లిపోయారేమో చూడవే," అంది మెల్లగా. "థీసిస్ ఆపమని చెప్పాలి."