ముసలి నక్షత్రం దగ్గర డ్యూటీ

ఇద్దరు చేయాల్సిన రాత్రి డ్యూటీని పదకొండేళ్లుగా ఆమె ఒక్కతే చేస్తోంది. రెండో మనిషి దండగన్నారు పైవాళ్లు. వాళ్లకేం, రాత్రిళ్లు హాయిగా పడుకుంటారు.

టెలిస్కోపు ఒక ముసలి నక్షత్రం వైపు తిరిగి ఉంది. వయసు మీదపడి అది రాక్షసుడంత ఉబ్బింది. ఏడాదికోసారి పొంగి తగ్గుతుంది. పొంగినప్పుడల్లా తన ఒంట్లోని వాయువును కొంత ఆకాశంలోకి వదిలేసుకుంటుంది. తెర మీద గీతలా కనిపించే దాని వెలుగును కాపలా కాయడమే ఆమె పని.

ఈ రాత్రి ఆ గీత ఆగకుండా ఊగుతోంది. ఆమె కింది గదిలోని మెకానిక్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"తమ్ముడూ, ఏడాదికోసారి ఊగాల్సింది నిమిషానికి పదిహేనుసార్లు ఊగుతోందయ్యా!"

అతను ఆవలించాడు. "కటకం మీద నీ ఊపిరి పడి మసకేస్తోందేమో అక్కా. కాసేపు బిగబట్టి చూడు. పైవాళ్లకు తెలిస్తే ఊపిరికీ కోత పెడతారు."

ఆమె నీరసంగా నవ్వి, ఊపిరి బిగబట్టింది. గీత ఆగింది.

హమ్మయ్య అనుకుని, తలుపు దాకా నడిచి అక్కడ వదిలింది. అంత దూరం నుంచి వదిలినా గీత దిగింది. పీల్చింది. గీత లేచింది. ఆమె మళ్లీ బిగబట్టింది.

"మసక పోయిందా అక్కా? అక్కా, పలకవేం?"

పలకాలంటే ఊపిరి వదలాలి. ఆమె రెండు చేతులతో నోరూ ముక్కూ మూసుకుంది.

తెర మీద గీత తనంతట తానే పైకి లేవసాగింది. ఆమె పీల్చలేదు. ఛాతీ మాత్రం ఉబ్బుతూనే ఉంది.