అతుకు లేని చూరుకాలువ

...చూరు నీళ్ళు పట్టే కాలువ ముక్కలదైతే తనే బిగించుకోవచ్చు. నిచ్చెన తనది, సుత్తి తనది, పైకి ఇంకొకడు ఎక్కడు. అదే అతుకు లేనిదైతే కాలువలు వేసే ఈ కర్ట్ వాకిట్లోకి లారీ తెస్తాడు, యంత్రంలో రేకు చుట్ట పెట్టి ఇంటి పొడవునా ఒకే ముక్క లాగుతాడు, ఆ పైన చూరంతా తడుముతాడు. తడిమేవాడికి కళ్ళు కూడా ఉంటాయి. చిక్కంతా అక్కడే, అనుకున్నాడు హార్లన్ కాఫీ కప్పులోకి చూస్తూ.

"ముక్కలదే మంచిది," అన్నాడు పైకి.

"ఎందుకూ?" అంది అతని భార్య లవోన్.

"ఒకటి పాడైతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు."

"ఏటా మారుస్తూనే ఉన్నావుగా! పగలు మంచు కరుగుతుంది, రాత్రి గడ్డ కడుతుంది, పొద్దున్నకి అతుకు విచ్చుకుంటుంది. నిరుడు గ్యారేజీ మూల ముక్క ఊడి పోస్ట్‌మ్యాన్ నెత్తిన పడబోయింది. పాపం, ఆయనే మనకి సారీ చెప్పి వెళ్ళాడు."

డులూత్ ఊళ్ళో అది వింతేం కాదు. అక్కడ ఎవరి నెత్తిన ఏం పడినా ముందు దెబ్బ తిన్నవాడే క్షమాపణ చెప్పుకుంటాడు.

బల్లకి అవతల కూర్చున్న కర్ట్ మర్యాదకి రెండుసార్లు వద్దని, మూడోసారి అరటిపండు కేకు ముక్క అందుకున్నాడు. నములుతూనే తీర్పు చెప్పాడు.

"నిజం చెప్పాలంటే, మీ గ్యారేజీ వైపు ఏది వేసినా నిలవదు."

"అతుకు లేనిది కూడానా?" అంది లవోన్.

"ముక్కలదైతే ముక్క ఊడుతుంది, అతుకు లేనిదైతే మొత్తం ఊడుతుంది. అంతే తేడా. తప్పు కాలువది కాదు లవోన్ గారూ. వీధిలో అందరి కప్పుల మీదా మంచుంది. మీ గ్యారేజీకి మాత్రం బట్టతల. అంటే లోపల అటక వెచ్చగా ఉందన్నమాట. పైన మంచు కరిగి, నీళ్ళు చూరు దాకా జారి, అక్కడ చలికి గడ్డకడుతున్నాయి. ఆ బరువుకి ఏ కాలువ ఆగుతుంది?"

"గ్యారేజీ అటక వెచ్చగా ఉండటమేంటి? అక్కడ పాత క్రిస్మస్ చెట్టు తప్ప ఏమీ లేదే!"

"చెట్టుకి జ్వరమొచ్చిందేమో," అన్నాడు కర్ట్. తన జోకుకి తనే నవ్వి లేచాడు. "ఓసారి ఎక్కి చూస్తాను."

"గ్యారేజీదే కదా, నిక్షేపంగా చూడు," అంది లవోన్.

ఆ అటకలో ఒక పేము కుర్చీ ఉంది. ఒక చిన్న కరెంటు హీటర్ ఉంది. పుస్తకం లేదు, సీసా లేదు, ఏ పాపమూ లేదు. సాయంత్రాలు అక్కడ కూర్చుని హార్లన్ చేసేదేమీ లేదు. "ఏం ఆలోచిస్తున్నావ్?" అని ఎవరూ అడగని చోటు, భూమ్మీద అతనికి అదొక్కటే. అక్కడ మొహానికి సెలవు.

"ఎక్కక్కర్లేదు," అన్నాడు. "హీటర్ ఉంది. నాదే. నేను... అక్కడ కూర్చుంటుంటాను."

మొగుడూ పెళ్ళాల గొడవ చూడటంకన్నా నిచ్చెన మీంచి పడటం గౌరవమనుకున్నాడు కర్ట్. "వెనకవైపు కొలతలు తీసుకొస్తాను," అని టేపు పట్టుకుని పారిపోయాడు.

"ఏం చేస్తుంటావక్కడ?" అంది లవోన్.

"ఏమీ చెయ్యను."

"ఏమీ చెయ్యకుండా కూర్చోడానికి సోఫా ఉందిగా!"

సోఫా మీద నువ్వుంటావుగా, అనబోయి కాఫీ తాగాడు. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది.

"మంచు తోసే యంత్రం బాగు చేస్తున్నానన్నావు! మూడు చలికాలాలు! దానికేం మాయరోగమోనని మా అక్కయ్యకి కూడా చెప్పుకున్నాను. పెళ్ళాం మొహం చూడలేక మనిషి అటకెక్కాడని ఇప్పుడు చెప్పుకోనా?"

"అది కాదు లవోన్..."

"ఇంకేంటి? ఇక్కడ నేనొక్కదాన్నీ టీవీ ముందు కూర్చుని, నువ్వు ఎప్పుడొస్తావా అని తలుపు వైపు చూస్తూ..." ఆమె గొంతు సరిగ్గా పూడవలసిన చోట పూడింది.

హార్లన్ తనని తాను తూకం వేసుకున్నాడు. తక్కువే తూగాడు. ఒంటరితనం ఇష్టమైనవాడు పెళ్ళి చేసుకోవడమే ఒక మోసం కాబోలు. టీవీ వెలుగులో ఆమె ఒక్కతే కూర్చున్న దృశ్యం ఊహించుకున్నాడు. ఆ పక్కనే తననీ ఊహించుకున్నాడు, మిగిలిన జీవితమంతా, మొహంతో సహా.

"సరే. ఇవాళే దించేస్తాను," అన్నాడు. "హీటరూ, కుర్చీ, రెండూ."

"దించు. ఆ అటకకి తాళం కూడా వేద్దాం."

వెనక తలుపు దబ్బున తెరుచుకుంది. కర్ట్ బూట్లు కూడా దులుపుకోకుండా లోపలికొచ్చాడు.

"వెనకవైపూ ఇదే కథ! మీ పడకగది మీద కప్పంతా బోడి. నిచ్చెనేసుకుని అటక కిటికీలోంచి చూశాను. లోపల ఇంకో హీటర్ ఉంది, ఎర్రగా మండుతోంది, ఎవరో ఆర్పడం మర్చిపోయారు. ముందు అది ఆర్పండి, కొంప అంటుకుంటుంది. పక్కనే ఊయల కుర్చీ, సగం తిన్న చాక్లెట్ డబ్బా, గులాబీ రంగు ఊలు చెప్పులు... ఎవరివండీ అవి?"

కేకు పళ్ళెం తియ్యబోతున్న లవోన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆమె పైకప్పు వంక చూసింది. మెడ మీంచి ఎరుపు మెల్లగా చెవుల దాకా పాకింది. మొహంలో మాత్రం ఏ భావమూ లేదు. ఆ మొహం హార్లన్‌కి బాగా తెలుసు.

అతను కప్పు కింద పెట్టాడు.

"నావే," అన్నాడు.