ఒక్కటే తిట్టు

మా అత్తకు వచ్చిన తిట్టు ఒక్కటే, పొగరు. నేను కుర్చీలో కూర్చుంటే పొగరు, వారపత్రిక తెరిస్తే ఇంకా పొగరు.

మొన్న పట్టుపురుగుల గది గడపలో చిన్నకోడలు సిద్ధమ్మ ఆమెను ఆపింది. "పొగాకు నలిపిన చేత్తో ముట్టొద్దత్తా, పురుగులు చస్తాయి." సాయంత్రానికి ఆ పొగరు సంగతి పుంగనూరంతా తెలిసింది.

నిన్న సిద్ధమ్మ పుట్టింటికి పోయింది. ఈరోజు వచ్చి చూస్తే తట్టల్లో పురుగులన్నీ చచ్చిపడి ఉన్నాయి.

"నిన్నెవురు పొమ్మనింది? పొగరు గాకపోతే," అన్నాడు మరిది.

సిద్ధమ్మ చచ్చిన పురుగులు ఏరుతోంది. అత్త కొంగుకు చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"ఆ పిల్లను యాల అంటావప్పా? పురుగులు ఆకలితో ఉండాయని ఆకేసింది నేను. చేతులు గూడా కడగలా. కోడలు చెప్తే వినేదేంది అనుకుంటి. పొగరు నాది. తప్పు నాదే."