తిన్నగా వెళ్లిన బంతి

గోల్ఫ్ ప్రాక్టీసు చేసే రేంజ్‌లో గుడ్డిగా బంతులు బాదేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ సాయంత్రం మా ఊరు క్రాన్‌బర్న్‌లోని రేంజ్‌లో ద్వారకానాథ్ అంకుల్‌తో అదే అన్నాను.

"ఇది ఆటా అంకుల్, బట్టలుతకడమా? ఎదురుగా నిజంగా ఆట ఆడే కోర్సే ఉందనుకోండి. ఒక్కో బంతికీ ఆగి, చూసి, కొట్టండి."

ఆయన ఆగారు. ఎడమవైపు కంచెకేసి చాలాసేపు చూసి కొట్టారు. బంతి తిన్నగా వెళ్లింది. అయినా "ఫోర్!" అని గొంతు చించుకుని అరిచారు. బంతి మీదికొస్తోంది, తప్పుకోండని కోర్సులో వేసే కేక అది.

పక్కవాళ్లు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అక్కడెవరున్నారని అంకుల్ ఆ అరుపు? ముందు స్వింగ్ చూసుకోండి."

"ఆ రోజూ బాగానే కొట్టాను బాబూ. గాలికి బంతి చెట్లవైపు తిరిగింది. అక్కడ మా అమ్మాయి నీరజ తన బంతి వెతుక్కుంటోంది. చూస్తూనే ఉన్నాను, నోరు పెగల్లేదు. బంతి తగిలి పడిన పిల్ల మరి లేవలేదు."

ఇంకో బంతి పెట్టుకుని మళ్లీ కంచెకేసి చూశారు.

"నిజం ఆటలాగే ఆడమన్నావుగా. ఈసారైనా దానికి వినపడుతుందేమో."

ఆయన క్లబ్బు కర్ర ఎత్తారు. బంతి కదలకముందే నేను అరిచాను, "ఫోర్!"