భుజం మీది మార్కులు

ఒంగోలు బ్యాంకులో పనిచేసే సుభాషిణి భుజం మీది బిళ్ళలో ఆ ఉదయం డెబ్భై రెండు వెలుగుతోంది. ఆ రోజుల్లో బ్యాంకు ఉద్యోగులందరికీ అలాంటి బిళ్ళలుండేవి. డిపాజిట్ తెస్తే మార్కులు పెరిగేవి, ఖాతాదారుణ్ణి అనుమానిస్తే తరిగేవి. యాభై లోపు పడిపోతే ఉద్యోగం ఊడినట్టే.

అంకమ్మ అనే ముసలి క్వారీ కూలీ వచ్చి కౌంటర్ పట్టుకుని నిలబడింది. "నా పేరున రెండు కోట్లున్నాయంట తల్లీ. పింఛను ఆపేశారు. నేనెప్పుడూ ఈ గడప తొక్కలేదు."

సుభాషిణి కంప్యూటర్లో వెతికింది. అంకమ్మతో పాటు మరో నలభై మంది కూలీల పేర్ల మీద ఖాతాలున్నాయి. అన్నింట్లోనూ డబ్బు వేసేదీ తీసేదీ ఒక్క క్వారీ యజమానే. ఆమె ఫిర్యాదు మీట మీద వేలు పెట్టగానే తెర తియ్యగా అడిగింది: "ముప్పై మార్కులు పోతాయి. మరోసారి ఆలోచిస్తారా?"

మేనేజరు రామశేషు పరుగెత్తుకొచ్చాడు. "ఏమ్మా, నీతి పాఠాల పరీక్షలో నీకు నూటికి నూరొచ్చాయి కదా! దాన్ని పనిలోకెందుకు తెస్తావు?"

"మరి ఆ పరీక్ష ఎందుకు పెట్టారు సార్?"

"పైవాళ్ళకి చూపించడానికి!"

సుభాషిణికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తెర మూడుసార్లు అడిగింది, ఆమె మూడుసార్లూ నొక్కింది. నలభై ఒక్క ఖాతాలూ స్తంభించాయి. బిళ్ళ నలభై రెండుకి దిగి ఎర్రబడింది. రామశేషు నెత్తి పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

అంకమ్మ బెదురుగా ఆ ఎరుపు వంక చూసింది. "నా వల్ల నీ ఉద్యోగానికేమన్నా అవుద్దా తల్లీ?"

"అవుతుందిలే పెద్దమ్మా," అంది సుభాషిణి విసుగ్గా, పింఛను అర్జీ ఆమె ముందుకు తోస్తూ. "ముందు నువ్వు వేలిముద్ర వెయ్యి."