మొదటి వారం ఉచితం

“ఆరు నెలలుగా మీ ఖాతాలోంచి డబ్బు పోతోంది. ఫోన్ ఇటివ్వండి అత్తయ్యా!” అంది కోడలు.

హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన అత్తగారు ఫోన్‌ను కొంగు చాటున దాచుకుంది. “మొదటి వారం ఉచితం అన్నాడు వెధవ. ఆ తర్వాత అడక్కుండా లాగేస్తాడని నాకేం తెలుసు?”

కోడలు ఫోన్ లాక్కుని చూసింది. యాప్ పేరు ‘కోడలితో నెగ్గుకురావడం ఎలా?’ రోజుకో పాఠం. మొదటిది, వంట మెచ్చుకోండి. రెండోది, ఆఫీసు కబుర్లు అడిగి వినండి.

ఆమె మొహం మాడిపోయింది. ఈ ఆరు నెలలూ అత్తగారు తన వంట మెచ్చుకుంటుంటే, కూర్చోబెట్టి కబుర్లు అడుగుతుంటే ఎంత పొంగిపోయింది!

“అయితే ఇదంతా వీడు నేర్పిన నాటకమా?”

“మొదటి వారం నాటకమే. ప్రాణం మీదికొచ్చింది” అని ఒప్పేసుకుంది అత్తగారు.

“తర్వాత?”

“తర్వాత ఆ దరిద్రాన్ని తెరిస్తే ఒట్టు!”

కోడలు అనుమానంగా తెరను కిందికి జరిపి చూసింది. నిజమే. ఎనిమిదో పాఠం నుంచి ఒక్కటీ తెరవలేదు.

‘రద్దు’ నొక్కింది. కారణం రాయమంది యాప్.

“ఏం రాయమంటారు?” అని అడిగింది.

“కోడలు మంచిదే, యాపే దొంగది అని రాయి.”